నోరు తిరగని పేర్ల కోసం

నిన్న పొద్దున మా విజ్ఞాపన పట్టికలో, అంటే ఇతరుల కోసం ప్రార్థించడానికి రోజువారీగా పేర్లు రాసిన కాగితంలో, వచ్చిన పేరు పోపోన్‌డోటా. అది పాపువా న్యూగినీలోని ఒక ఆంగ్లికన్ డయాసిస్, అంటే ఒక బిషప్పు పరిధిలోని సంఘాల సమూహం. చదవవలసిన వంతు నాది. మొదటిసారి నాలుక తడబడింది, రెండోసారి అక్షరాలు కూడబలుక్కున్నాను, మూడోసారికి ఆ పేరు పేరులా వినిపించింది. తర్వాత ఎప్పటిలాగే కాసేపు మౌనంగా ఉండి, "ప్రభువా, మా ప్రార్థన ఆలకించుము" అని ముగించి, మా సొంత డయాసిస్‌లో ఆ రోజు వంతు వచ్చిన పాస్టరేట్ (ఒక గురువు చూసుకునే స్థానిక సంఘం) పేరుకు వెళ్లాం. కొత్తగా వచ్చి కూర్చున్నవారికి ఇది ప్రార్థనలా అనిపించదు, బడిలో హాజరుపట్టీ పిలిచినట్టు ఉంటుంది. ఈ హాజరుపట్టీని వెనకేసుకు రావడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. మనం ఎంచుకోని పేర్లను, ఒక్కటీ వదలకుండా, ఒక్కదానికీ మన వ్యాఖ్యానం తగిలించకుండా ప్రతిరోజూ దేవుని ముందు చదవడమే, ఇన్ని చీలికల తర్వాత కూడా ఆంగ్లికన్లు కలిసి చేయగలుగుతున్న పని అని నా నమ్మకం.

పట్టిక సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. ఇంగ్లాండు సంఘంతో ముడిపడి ప్రపంచమంతా ఉన్న ఆంగ్లికన్ సంఘాలన్నిటికీ ఉమ్మడిగా ఒక ప్రార్థనా చక్రం ఉంది. లండన్‌లోని ఆంగ్లికన్ సహవాస కార్యాలయం దాన్ని సిద్ధం చేసి అందరికీ పంపుతుంది. ఆదివారం నాడు ఒక ప్రావిన్సు (కొన్ని డయాసిస్‌లు కలిసిన సంఘం) మొత్తానికి వంతు వస్తుంది, మిగిలిన రోజుల్లో డయాసిస్‌లకు. ఈ సహవాసంలో 42 ప్రావిన్సులు ఉన్నాయి, అవి 165కు పైగా దేశాల్లో విస్తరించి ఉన్నాయి గనుక డయాసిస్‌ల పేర్లు వందల్లో ఉంటాయి. పేర్లు అక్షరక్రమంలో నడిచే ఏడాదిలో అమెరికాలోని డాలస్‌కూ టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌కూ మధ్య దూరం నాలుగైదు రోజులు మించదు. సముద్రాలు, సంపదలు, సిద్ధాంత భేదాలు ఏవీ ఆ వరుసకు అడ్డం రావు. ఇది పెద్ద చక్రం. దీని లోపల ప్రతి డయాసిస్ తనకంటూ ఒక చిన్న చక్రం వేసుకుంటుంది. అందులో తన పారిష్‌లు, వాటి గురువులు, బడులు, ఆసుపత్రులు రోజుకొకటిగా వస్తాయి. మేము పారిష్ అనం, పాస్టరేట్ అంటాం, ఎందుకంటే మా దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) 1947 సెప్టెంబరు 27న ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లతో పాటు మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ సంఘాలవారు తమ తమ మాటలను కూడా వెంట తెచ్చుకున్నారు. ఐక్య సంఘమే అయినా ఆ సహవాసంలో సభ్యత్వం ఉన్నందువల్ల దోర్నకల్, కృష్ణా-గోదావరి, మెదక్, రాయలసీమ, నంద్యాల, కరీంనగర్ పేర్లు కూడా ఆ పెద్ద చక్రంలో ఉంటాయి. అంటే ఏదో ఒక పొద్దున పోపోన్‌డోటాలో ఎవరో ఒకరు రాయలసీమ అనే మాట దగ్గర ఆగి, అక్షరాలు కూడబలుక్కుని, మూడోసారికి సరిగ్గా పలుకుతారన్నమాట. ఆ ఊహ నాకు చాలా ఇష్టం.

మాది పెద్ద గుంపేమీ కాదు. ఉదయకాల ప్రార్థనకు రోజూ వచ్చేవాళ్లం నలుగురం. బడి నుంచి రిటైరైన ఒక పెద్దావిడ ఉన్నారు, ఆమెను అందరమూ టీచరమ్మ గారూ అనే పిలుస్తాం. కాలేజీ చదువు ముగించిన ఒక కుర్రవాడు, ఒక చర్చి కమిటీ సభ్యుడు, నేను. రెండేళ్ల కిందట ఆ కుర్రవాడే, "అన్నా, ఈ ఊళ్లు ఎక్కడున్నాయో మనకు తెలియదు, అక్కడివాళ్లకు ఏం కావాలో తెలియదు, పేరు చదివేసి ఆమెన్ అంటే దాన్ని ప్రార్థన అంటారా? మనసులోంచి వచ్చేదే కదా ప్రార్థన?" అని అడిగాడు. అడగదగిన ప్రశ్నే. మా చుట్టూ ఉన్న చాలా సంఘాల్లో పుస్తకం చూసి చేసే ప్రార్థనకు విలువ తక్కువ, కళ్లు మూసుకుని ధారగా చెప్పేదానికి ఎక్కువ. ప్రభువు కూడా అన్యజనులవలె వ్యర్థమైన మాటలు వచింపవద్దన్నాడు, అడుగకమునుపే మీ అక్కరలు మీ తండ్రికి తెలియునన్నాడు. కనుక ఒక నెలపాటు పట్టిక పక్కన పెట్టి, ఎవరికి తోచింది వారు ప్రార్థించాలని అనుకున్నాం.

ఆ నెల ప్రార్థనలు బాగానే సాగాయి, నిజం చెప్పాలంటే మునుపటికన్నా వేడిగా సాగాయి. టీచరమ్మ గారికి పాత అలవాటు ఒకటి ఉంది: దేనికోసం ప్రార్థించామో ఏ రోజుకారోజు రూళ్ల నోట్‌బుక్కులో ఒక్క గీతలో రాసుకుంటారు. నెలాఖరున ఆ పేజీలు తిప్పితే మా బంధువుల జబ్బులు, పిల్లల పరీక్షలు, ఒక స్థలం తగాదా, రెండు పెళ్లి సంబంధాలు, కుర్రవాడి ఇంటర్వ్యూ, మళ్లీ బంధువుల జబ్బులు. మధ్యలో ఒక్క రోజు వార్తల్లో చూసిన భూకంపం. మా నలుగురి ఇళ్ల చుట్టూ సున్నం గీత గీసినట్టు ఆ నెలంతా ప్రార్థన ఆ గీత దాటలేదు. జబ్బుల కోసం, ఉద్యోగాల కోసం ప్రార్థించడం తప్పని నేననను. కానీ మనసులోంచి వచ్చేది మనసులో ఉన్నదే అయి ఉంటుంది, మనసులో లేనివారు అందులోకి రావాలంటే ఎవరో బయటినుంచి చీటీ అందించాలి. పట్టిక చేసే పని అదే. కుర్రవాడు ఆ పేజీలు చూసి ఏమీ అనలేదు. మర్నాడు పట్టిక తనే తెచ్చాడు.

పుస్తకంలోని ప్రార్థన అంటే చులకన చేసేవారు దాని పుట్టుకను గమనించినట్టు లేరు. 1549లో ఇంగ్లీషులో మొదటి ప్రార్థనా పుస్తకం తెచ్చిన అప్పటి కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్పు, అంటే ఇంగ్లాండు సంఘపు పెద్ద బిషప్పు, థామస్ క్రాన్మర్ ముందుమాటలోనే పాత పద్ధతి మీద ఒక ఫిర్యాదు రాశాడు: ఏ రోజు ఏది చదవాలో వెతకడానికి పట్టే శ్రమ, అది దొరికాక చదవడానికి పట్టే శ్రమకన్నా ఎక్కువగా ఉందని. మఠాల్లో రోజుకు అనేకసార్లు జరిగే ఆరాధనలను ఆయన రెండింటికి కుదించాడు, ఉదయకాల ప్రార్థన, సాయంకాల ప్రార్థన. అవి సన్యాసులకే పరిమితం కాకుండా ఊరి గుడికి, ఊరి జనానికి అందాలన్నది ఆయన ఉద్దేశం. గురువులూ వారి కింది పరిచారకులైన డీకన్లూ ఈ రెండింటినీ రోజూ చెప్పి తీరాలన్న నియమం పుస్తకంలోకి వచ్చింది, పారిష్ గురువు ఊళ్లో ఉన్నట్టయితే గుడిలోనే చెప్పాలని, మొదలుపెట్టే ముందు గంట కొట్టించాలని కూడా 1662 పుస్తకంలో ఉంది. ఆ గంట గురించి నేను తరచు ఆలోచిస్తాను. గంట కొట్టినా ఎవరూ రాకపోవచ్చు. పొలంలో ఉన్నవాడు, వంట చేస్తున్నామె, మంచం పట్టినవాడు ఆ చప్పుడు విని, తమ కోసం ఎవరో ఇప్పుడు గుడిలో నిలబడ్డారని తెలుసుకుంటే చాలు. రోజువారీ ప్రార్థన మొదటినుంచీ వచ్చినవారి తరఫునే కాదు, రానివారి తరఫున కూడా జరుగుతోంది.

నిర్గమకాండంలో ప్రధాన యాజకుడు అహరోను వేసుకునే న్యాయవిధాన పతకం సంగతి ఆదివారపు బడిలో చదివినవారికి గుర్తుండే ఉంటుంది. పన్నెండు రాళ్లు, పన్నెండు గోత్రాల పేర్లు. అతడు పరిశుద్ధస్థలంలోకి వెళ్లినప్పుడల్లా ఆ పేర్లను తన రొమ్ముమీద మోసుకు వెళ్లాలి. రాళ్లమీద పేర్లు చెక్కి ఉన్నాయి, అంటే ఆ ఉదయం అతనికి ఏ గోత్రం మీద కోపం వచ్చినా ఆ రాయి ఒక్కటీ ఊడదీసి వెళ్లడానికి వీలు లేదు. ఆ గోత్రాల అవసరాలు అతను ఏకరువు పెట్టాలని కూడా అక్కడ లేదు. పేరు మోయడమే సేవ.

ఇది ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, విజ్ఞాపన ప్రార్థనకు పట్టిన పెద్ద తెగులు నిర్లక్ష్యం కాదు, ఉపన్యాసం. దేవునికి వార్తలు చదివి వినిపించే ప్రార్థనలు మనందరం విన్నాం. "ప్రభువా, ఫలానా సంఘంలో జరుగుతున్న సంగతులు నీకు తెలుసు" అని మొదలుపెట్టి, దేవునికి తెలిసిన ఆ సంగతులన్నిటినీ ఎదురుగా కూర్చున్నవారికి తెలిసేదాకా చెప్పుకుపోయే ప్రార్థనలు. కమిటీలో గెలవలేని వాదనను కళ్లు మూసుకుని గెలిచే ప్రార్థనలు. ఇదేమీ కొత్త జబ్బు కాదు. ఇంగ్లీషు భాషలో అధికారికంగా వెలువడిన మొట్టమొదటి ఆరాధన పాఠం 1544 నాటి లిటనీ, అంటే వరుస విన్నపాల ప్రార్థన. ఇంగ్లాండు రాజు ఎనిమిదో హెన్రీ యుద్ధాల మధ్య ఊరేగింపు ప్రార్థనల కోసం దాన్ని క్రాన్మరే కూర్చాడు. అందులో రోగుల కోసం, ప్రయాణికుల కోసం, ప్రసవవేదనలో ఉన్న స్త్రీల కోసం, చెరలో ఉన్నవారి కోసం ఎంతో లోతైన విన్నపాలు ఉన్నాయి. వాటి పక్కనే, రోము బిషప్పు (అంటే పోపు) నిరంకుశత్వం నుంచి, అతని అసహ్యమైన దురాగతాలన్నిటి నుంచి మమ్మల్ని విడిపించుమని ఒక విన్నపం ఉంది. 1549 పుస్తకంలోనూ 1552 పుస్తకంలోనూ అది అలాగే కొనసాగింది, ఎలిజబెత్ రాణి కాలంలో 1559లో వచ్చిన పుస్తకంలోంచి తీసేశారు. తీసేసినందుకు వారి కారణాలు రాజకీయమైనవే అయి ఉండవచ్చు, కాని తీసేయడం మంచిదయింది. ఒకరి కోసం చేసే ప్రార్థన ఒకరి మీద చేసే ప్రార్థనగా మారడానికి ఒక్క వాక్యం చాలునని ఆ లిటనీ చూపించింది.

పట్టికలో వాక్యాలు ఉండవు, పేర్లే ఉంటాయి. ఆ పొడితనమే దాని సుగుణం. పేరు చదివి మౌనంగా ఉన్నప్పుడు నా అభిప్రాయం దూర్చడానికి చోటు దొరకదు.

అయినా నేను చోటు చేసుకున్నాను. చాలా ఏళ్ల కిందటి సంగతి. ఒక రోజు వంతు వచ్చిన డయాసిస్ పేరు చూడగానే నాకు చిరాకు వేసింది. అక్కడి బిషప్పు అంతకు కొద్ది వారాల ముందు చేసిన ఒక ప్రకటన చదివి నేను రగిలిపోయి ఉన్నాను. ఏ దేశమో, ఏ పక్షమో చెప్పను, ఎటువైపు చెప్పినా ఈ వ్యాసం చదివేవారిలో సగం మంది నాతో చేయి కలుపుతారు, సగం మంది ఇక్కడే ఆపేస్తారు. ఆ రోజు చదివే వంతు నాదే. ఆ పేరు వదిలేసి తర్వాతి పేరుకు వెళ్లిపోయాను. ఎవరూ గమనించరనుకున్నాను. ప్రార్థన ముగిసి చెప్పులు వేసుకుంటుంటే టీచరమ్మ గారు తన నోట్‌బుక్కు మూస్తూ, "నాయనా, ఇవాళ రెండు పేర్లుండాలి, ఒకటే విన్నాను. నాకు వినబడలేదా, నువ్వు చదవలేదా?" అన్నారు. చదవలేదని ఒప్పుకున్నాను, కారణం కూడా చెప్పాను. ఆమె ఆ బిషప్పును సమర్థించలేదు, నన్ను మందలించనూ లేదు. "అక్కడ జ్వరంతో పడుకున్న ముసలమ్మ ఎవరో ఉంటుంది కదా, ఆవిడ వంతు నువ్వు తినేశావు" అన్నారు. అంతే. మర్నాడు ఆ పేరు కూడా కలిపి చదివాను, ఆ మౌనంలో నాకు ఏ భక్తిభావమూ కలగలేదు, సిగ్గు మాత్రం కలిగింది.

జనం తన మాట కాదని రాజును కోరుకున్న తర్వాత సమూయేలు వారితో, మీ కోసం ప్రార్థన చేయడం మానితే యెహోవాకు విరోధంగా పాపం చేసినవాడినవుతాను, అది నాకు దూరమగునుగాక అంటాడు. వాళ్లు చేసింది సరైన పనేనని అతను ఎక్కడా అనడు, తప్పు తప్పేనని ముఖం మీదే చెబుతాడు. తప్పు పట్టడం, ప్రార్థన మానకపోవడం రెండూ ఒకే నోటినుంచి వచ్చాయి. ఈ రెండింటినీ కలిపి పట్టుకోవడం మనకు చేతకావడం లేదు.

ఆంగ్లికన్ సహవాసపు తగాదాల చరిత్ర తెలిసినవారికి ఇది ఎంత అవసరమో విడమరచి చెప్పనక్కరలేదు. అసలు ప్రపంచంలోని బిషప్పులందరినీ పిలిచే లాంబెత్ సభ 1867లో మొదలైందే ఒక తగాదా నేపథ్యంలో. దక్షిణాఫ్రికాలోని నేటాల్ బిషప్పు కొలెన్సో బైబిలు గురించి రాసిన రాతలు, ఆయనను పదవినుంచి తొలగించే ప్రయత్నం అప్పట్లో పెద్ద గొడవ. ఆ మొదటి సభకు 76 మంది బిషప్పులు వచ్చారు, యార్క్ ఆర్చ్‌బిషప్పు వెళ్లనే లేదు. అంటే సభను బహిష్కరించడం సభ ఎంత పాతదో అంత పాత సంప్రదాయం. ఆ తర్వాతి కథ మన కళ్ల ముందు జరిగినదే. 1998 సభలో స్వలింగ సంబంధాలను తప్పుపట్టే తీర్మానం, 2003లో అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్‌లో స్వలింగ సంబంధంలో ఉన్న వ్యక్తి బిషప్పు కావడం, 2008లో జెరూసలేములో సంప్రదాయవాదుల గాఫ్కాన్ సమావేశం, అదే ఏడాది లాంబెత్‌కు రెండు వందల మందికి పైగా బిషప్పుల గైర్హాజరు, 2022 సభకు నైజీరియా, ఉగాండా, రువాండా సంఘాలు దూరంగా ఉండడం. 2023లో స్వలింగ జంటల కోసం ఆశీర్వాద ప్రార్థనలకు ఇంగ్లాండు సంఘం తలుపు తీశాక, సహవాసానికి పెద్దగా కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్పు నాయకత్వాన్ని ఇక అంగీకరించలేమని రువాండాలోని కిగాలీలో చేరిన గాఫ్కాన్‌వారు ప్రకటించారు. 2025 అక్టోబరులో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్పు పదవికి సారా ముల్లల్లీ పేరు వెలువడింది, ఆ పదవికి ఒక స్త్రీ ఎంపిక కావడం అదే మొదటిసారి. కొందరికి అది ఆనందం, కొందరికి అది తెగతెంపుల గడియ.

ఇప్పుడు నా వాదనకు ఎదురయ్యే గట్టి అభ్యంతరం చెబుతాను, దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. చీలిపోయినవారు చీలిపోయామని నిజాయితీగా చెబుతున్నప్పుడు, అందరి పేర్లూ ఒకే కాగితం మీద అచ్చువేసి చదవడం లేని ఐక్యతను ఉన్నట్టు నటించడం కాదా? ఒక ఆర్చ్‌బిషప్పు నియామకాన్ని మనస్సాక్షి ఒప్పుకోని మనిషి ఆమె పేరు పెట్టి ఎలా ప్రార్థిస్తాడు? నా జవాబు ఒక్కటే: పట్టిక ఐక్యతను ప్రకటించదు, అడుగుతుంది. తిమోతికి రాసిన మొదటి పత్రికలో రాజుల కోసం, అధికారులందరి కోసం విజ్ఞాపనలు చేయమన్నది రోమా చక్రవర్తుల ఏలుబడిలో. ఆ చక్రవర్తుల పాలన నచ్చితేనే ప్రార్థించమని అందులో లేదు. నచ్చనివారి కోసం ప్రార్థించడంలో నటన లేదు. నచ్చినవారి కోసమే ప్రార్థించి దాన్ని విశ్వ సంఘం కోసం చేసిన ప్రార్థనగా చెప్పుకుంటే అక్కడ ఉంది నటన. ఆమె నియామకం తప్పని నమ్మేవాడు ఆ మాట సభలో చెప్పాలి, రాయాలి, అవసరమైతే లేచి వెళ్లిపోవాలి. పొద్దున పట్టిక ముందు మాత్రం పేరు చదవాలి. ఆమెను సమర్థించేవాడు కూడా అంతే, నైజీరియాలోని అబూజా పేరో కిగాలీ పేరో వచ్చినప్పుడు గొంతులో జాలి ధ్వనించకుండా చదవాలి. రెండోది మొదటిదానికన్నా కష్టమని నా అనుభవం, ఎందుకంటే జాలిపడేవాడికి తను తక్కువగా చూస్తున్నానన్న సంగతి తెలియదు.

ఇంతకన్నా కష్టమైనది మరొకటి ఉంది, అది దూరపు డయాసిస్ కాదు, పక్క వీధి పాస్టరేట్. పోపోన్‌డోటాతో నాకు ఏ పేచీ లేదు. మా చిన్న చక్రంలో వచ్చే పేర్ల వెనక మాత్రం నాకు తెలిసిన ముఖాలున్నాయి. ఫలానా పాస్టరేట్‌లో ఎన్నికలు ఎలా జరిగాయో, ఎవరు ఎవరితో మాట్లాడరో, ఏ గురువుగారి బదిలీ వెనక ఏ కథ ఉందో వినే ఉంటాను. తెలియడం ప్రార్థనకు సాయపడుతుందని మామూలుగా అనుకుంటాం. నా విషయంలో చాలాసార్లు అడ్డుపడింది. అందువల్ల సొంత పాస్టరేట్‌ల వంతు వచ్చినప్పుడు మేమొక పద్ధతి పెట్టుకున్నాం. గురువు పేరుతో ఆగకుండా అక్కడి పనులను ఒక్కొక్కటిగా చెబుతాం: వాక్యం చదివేవారు, కానుకలు లెక్కపెట్టేవారు, ఆదివారపు బడి పిల్లలకు నేర్పేవారు, పాటలు నడిపించేవారు, గుడి ఊడ్చేవారు, గుడికి రావడం మానేసినవారు. చివరిది చేర్చింది టీచరమ్మ గారే. మానేసినవారు అనగానే ఆ మౌనం కొంచెం పొడుగవుతుంది, ఎవరికి వారికి ఒకరిద్దరు గుర్తొస్తారు కాబోలు.

పట్టికల తయారీలో జరిగే పొరపాట్ల గురించి కూడా చెప్పాలి, అవి చిన్నవి కావు. ఒకసారి మేం వాడే కాగితంలో ఒక పాస్టరేట్‌కు ఎదురుగా, బదిలీ అయి వెళ్లిపోయిన గురువుగారి పేరే ఉండిపోయింది. ఆయన వెళ్లి నాలుగు నెలలైంది, ఆయన స్థానంలోకి ఎవరూ రాలేదు. ఆ సంఘంవారు ఒకరు ఆ రోజు మాతో కూర్చుని ఉన్నారు. ఆ పేరు వినగానే ఆయన ముఖం చిన్నబోయింది. "మాకు అయ్యగారు లేరన్న సంగతి కూడా ఎవరికీ తెలియదన్నమాట" అన్నారు. పేరు తప్పు చదివితే దేవుడు పొరబడడు, నిజమే. కానీ పట్టిక దేవుని జ్ఞాపకం కోసం కాదు, మన జ్ఞాపకం కోసం. ఖాళీగా ఉన్న చోట ఖాళీ అనే రాయాలి, ఖాళీ అనే చదవాలి. 2025 జనవరిలో జస్టిన్ వెల్బీ పదవి వదిలాక నెలల తరబడి కాంటర్‌బరీ పీఠమే ఖాళీగా ఉంది. అంత పెద్ద పీఠం ఖాళీగా ఉన్నప్పుడు లోకమంతా మాట్లాడుకుంది. నలభై కుటుంబాల పాస్టరేట్ ఖాళీగా ఉంటే మాట్లాడేది ఈ కాగితం ఒక్కటే.

గురువుల కోసం, సంఘాల కోసం 1662 పుస్తకంలో ఒక చిన్న ప్రార్థన ఉంది. మహాశ్చర్యకార్యములను నీవు ఒక్కడవే చేయుదువు అని దేవుని సంబోధించి, ఆ వెంటనే మా బిషప్పుల మీదను, గురువుల మీదను, వారికి అప్పగింపబడిన సంఘములన్నిటి మీదను నీ కృపయొక్క ఆరోగ్యకరమైన ఆత్మను పంపుమని అడుగుతుంది. బిషప్పులకు కృప కలగాలంటే మహాశ్చర్యకార్యమే కావాలని ఆంగ్లికన్లు తరతరాలుగా ఈ ప్రార్థన మీద నవ్వుకుంటూనే ఉన్నారు. నవ్వుకుంటూనే చదువుతున్నారు, చదవడం మానలేదు.

ప్రార్థన వల్ల ఏం జరుగుతుందని అడిగేవారికి 2003 నాటి ఒక సంఘటన చెబుతాను, అది నా వాదనకు అనుకూలమో ప్రతికూలమో నాకే తేలలేదు. సాలమన్ దీవుల్లో మెలనీషియా సహోదర సంఘం అనే ఆంగ్లికన్ సన్యాసుల సంస్థ ఉంది. పోలీసు ఉద్యోగం వదిలి వచ్చిన ఇనీ కొపూరియా దాన్ని 1925లో స్థాపించాడు. ఆ దీవుల్లో అంతర్గత పోరు నడుస్తున్న కాలంలో ఆయుధాల అప్పగింతకు ఈ సహోదరులు మధ్యవర్తులుగా తిరిగారు. నథానియేల్ సాడో అనే సహోదరుడు గ్వాడల్‌కెనాల్ దీవిలో ఒక సాయుధ నాయకుని స్థావరం వైపు వెళ్లి తిరిగి రాలేదు. అతని జాడ తెలుసుకోవడానికి 2003 ఏప్రిల్‌లో మరో ఆరుగురు సహోదరులు వెళ్లారు. వారూ తిరిగి రాలేదు. బందీలుగా ఉన్నారని అందరూ అనుకున్నారు. వారి విడుదల కోసం ఆ దీవుల్లోనూ బయటి దేశాల్లోనూ నెలల తరబడి ప్రార్థనలు జరిగాయి. ఆగస్టులో తెలిసింది, ఆ ఆరుగురినీ ఏప్రిల్‌లోనే చంపేశారని. అంటే ఆ ప్రార్థనలన్నీ అప్పటికే చనిపోయినవారి కోసం జరిగాయి. చనిపోయినవారి కోసం ప్రార్థించవచ్చా లేదా అన్న విషయంలో ఆంగ్లికన్లలోనే ఏకాభిప్రాయం లేదు. ఆ చర్చలోకి నేను వెళ్లను. కానీ ఆ నెలల్లో ఎక్కడో ఒక పారిష్‌లో ప్రతి ఉదయం ఆ ఆరుగురి పేర్లు చదివిన ఒక మనిషిని ఊహించుకుంటే, అతని ప్రార్థన వృథా అనడానికి నాకు నోరు రాదు. అడిగినది జరగలేదు. జరగడానికి వీలు కూడా అప్పటికే లేదు. అయినా ఆ ఆరుగురినీ ఎవరూ పేర్లు లేనివారిగా వదిలేయలేదు. ఏప్రిల్ 24న ఆ సహోదరులను ఇప్పటికీ స్మరిస్తారు.

ప్రార్థించి ఊరుకుంటే సరిపోతుందా, డబ్బు పంపవద్దా, మనుషులను పంపవద్దా అంటారు. పంపాలి. పేరైనా తెలియని చోటికి ఎవరూ ఏమీ పంపరు, అంతవరకే నేను చెప్పగలను.

నేను వదిలేసిన ఆ డయాసిస్ వంతు ఈ ఏడాది మళ్లీ వచ్చింది. అక్కడి బిషప్పు మీద నా అభిప్రాయం మారలేదు, ఆయన కూడా మారినట్టు లేరు. ఆ రోజు చదివే వంతు కుర్రవాడిది. నా పాత గొడవ అతనికి తెలియదు. పేరు దగ్గర తడబడి, తప్పుగా పలికాడు. టీచరమ్మ గారు నోట్‌బుక్కులోంచి తల ఎత్తి నావైపు చూశారు. నేను ఆ పేరు సరిగ్గా ఎలా పలకాలో చెప్పాను, అతను మళ్లీ చదివాడు.